సంఖ్యకు రూపం, రూపానికి ఛందస్సు: భూతసంఖ్యలలో ఊహ, సాహచర్యం, ధారణ

ఉపోద్ఘాతం

జ్ఞాపకశక్తి చరిత్రను వివరించే రచనల్లో ఒక విభజన తరచుగా కనిపిస్తుంది. గ్రీకు, రోమను పండితులు ఊహాచిత్రాల సాయంతో గుర్తుంచుకొనే కళను పెంచి పోషించారనీ, భారతీయులు వల్లెవేతనే నమ్ముకొన్నారనీ ఆ విభజన సారాంశం. ఫ్రాన్సెస్ యేట్స్ 1966లో ప్రచురించిన 'ది ఆర్ట్ ఆఫ్ మెమరీ' మొదటి సగానికి సుప్రసిద్ధమైన ఆధారగ్రంథం. వేదాధ్యయన పద్ధతులపై జరిగిన పరిశోధన రెండో సగానికి బలం చేకూర్చింది. పద, క్రమ, జటా, ఘన పాఠాలలో మాటలను ముందుకూ వెనక్కూ తిప్పి పలకడమే రక్షణ సాధనం. అక్కడ అర్థంతో గాని, మనసులో మెదిలే బొమ్మతో గాని పని లేదు. వేదపాఠం వరకు ఈ అభిప్రాయం సరైనదే.

దానినే భారతీయ ధారణ మొత్తానికీ అన్వయించడంలోనే చిక్కు వస్తుంది. జ్యోతిష, గణిత, శాసన రచనల్లో శతాబ్దాల పాటు వాడుకలో ఉన్న భూతసంఖ్యా విధానం ఊహమీద, సాహచర్యంమీద నిలిచినది. ఒక అంకెకు లోకంలోని ఒక వస్తువును జతచేసి, ఆ వస్తువు పేరుతో అంకెను చెప్పడం దాని పద్ధతి. ఆ విధానం ధారణకు ఎలా తోడ్పడిందో, ఎక్కడ తడబడిందో ప్రధానంగా తెలుగు ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇల్లు, బొమ్మ, వరుస

పోలిక కోసం రోమను పద్ధతిని క్లుప్తంగా చూడాలి. సిసెరో క్రీ.పూ. 55లో రాసిన 'దె ఒరాతోరె'లో గ్రీకు కవి సిమోనిడీస్ కథ ఉంది. విందు జరుగుతున్న భవనం కూలి అతిథులందరూ గుర్తుపట్టలేని విధంగా నలిగిపోయారు. అంతకు కొద్దిసేపటి ముందే బయటకు వెళ్లిన సిమోనిడీస్, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుచేసుకొని మృతులను పోల్చగలిగాడు. స్థలాల వరుస గుర్తుంటే వస్తువుల వరుస గుర్తుంటుందన్న సూత్రం ఈ కథనుండి పుట్టిందని సంప్రదాయం. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో వెలువడిన 'రెటోరికా అడ్ హెరెన్నియం' దానిని శిక్షణగా మలచింది. వక్త తనకు బాగా తెలిసిన ఇంటిని మనసులో నిలుపుకొని, గదిగదికీ ఒక వింత బొమ్మను ఉంచుతాడు. విషప్రయోగం కేసు వాదించేవాడు రోగి పక్కన చేతిలో పాత్రతో నిలబడ్డ నిందితుణ్ణి ఊహించుకొంటాడు. బొమ్మ విషయాన్ని పట్టి ఉంచుతుంది, ఇల్లు వరుసను పట్టి ఉంచుతుంది.

ఇందులో రెండు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, ఇల్లూ బొమ్మలూ ఆ వక్త సొంతం. అవి మరొకరికి చెప్పడానికి ఉద్దేశించినవి కావు. రెండోది, బొమ్మలను గుర్తుంచుకోవడమే అదనపు భారం కావచ్చు. క్వింటిలియన్ ఈ అభ్యంతరాన్ని సూటిగానే లేవనెత్తాడు. విడివిడి వస్తువుల జాబితాకు ఈ పద్ధతి పనికివస్తుంది గాని, అల్లుకుపోయే ఉపన్యాసానికి అడ్డమవుతుందని అతని అభిప్రాయం.

వస్తువుల పేర్లతో అంకెలు

భూతసంఖ్యలలో చంద్రుడు, భూమి ఒకటి. కన్నులు, పక్షాలు, అశ్వినులు రెండు. అగ్నులు, రాములు మూడు. వేదాలు, యుగాలు నాలుగు. బాణాలు, ఇంద్రియాలు ఐదు. ఋతువులు, రుచులు ఆరు. కులపర్వతాలు, మునులు ఏడు. దిగ్గజాలు, వసువులు ఎనిమిది. గ్రహాలు, నిధులు, శరీరరంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న. మాటలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి చెబుతారు గనుక, అంకెలుగా రాసేటప్పుడు కుడినుండి ఎడమకు పేర్చుకోవాలి.

క్రీ.శ. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు 'పంచసిద్ధాంతిక'లో గణనకు ఆధారంగా తీసుకొన్న శకవర్షాన్ని సప్త, అశ్వి, వేద అనే మాటలతో చెప్పాడు. 7, 2, 4లను తిరగవేస్తే శక 427, అంటే క్రీ.శ. 505. ఇక్కడ 'సప్త' ఉత్త సంఖ్యావాచకం. మిగిలిన రెండే వస్తువులు. ఈ కలగలుపు తరువాతి కవుల్లోనూ కనిపిస్తుంది. అవసరాన్నిబట్టి ఏది ఒదిగితే దానిని వాడుకోవడమే ఆచారం.

ఈ విధానాన్ని వెలుపలినుండి చూసి రాసినవారిలో అల్ బీరూనీ ముఖ్యుడు. క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి రాసిన గ్రంథంలో అతడు సంఖ్యాపదాల పట్టిక ఇచ్చి, బ్రహ్మగుప్తుని పేర దీని సూత్రాన్ని వివరించాడు. ఒంటరిగా ఉండే దేనితోనైనా ఒకటిని, జంటగా ఉండే దేనితోనైనా రెండును చెప్పవచ్చునన్నది ఆ సూత్రం. సాహచర్యం ఎంత విశాలమైనదో దీనివల్ల తెలుస్తుంది. ఒక్కో అంకెకు ఒక్క మాట అని బిగించలేదు, ఒక్కో అంకెకు ఒక మాటల కుటుంబాన్నే కేటాయించారు. భారతీయులు శాస్త్రాలను పద్యాలలో రాయడానికి అల్ బీరూనీ చెప్పిన కారణం కూడా విలువైనది. కంఠస్థం చేయడం తేలికవుతుందనీ, ఛందస్సు ఉంటే మాట చేర్చినా తీసేసినా పట్టుబడుతుందనీ వారి ఉద్దేశమని అతడు గ్రహించాడు. గ్రహించినా లేఖకుల అజాగ్రత్తను, పద్యశాస్త్రాల దుర్బోధతను తిట్టిపోయడం మానలేదు. ఆ చిరాకులోనూ సత్యం ఉంది.

ఇరవై అంకెల పద్యం

ఈ విధానం సామర్థ్యానికి తెలుగులో మేలైన సాక్ష్యం పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన చంపకమాల. మల్లన కాలం 11వ శతాబ్దమా, 12వ శతాబ్దమా అన్న చర్చ సాహిత్యచరిత్రకారులకు తెలిసినదే. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహా'న్ని అతడు తెలుగు చేశాడు. చదరంగపు మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ అరవైనాలుగు గడులు నింపితే వచ్చే మొత్తం ఈ పద్యం చెప్పే సంఖ్య. అది 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. పద్యంలో వాటికి ఇరవై మాటలు.

ఈ సంఖ్యను అంకెల వరుసగా ఒకసారి విని తిరిగి చెప్పడం సామాన్యులకు అసాధ్యం. తక్షణస్మృతిలో సుమారు ఏడు అంశాలే నిలుస్తాయని జార్జ్ మిల్లర్ 1956లో ప్రకటించిన వ్యాసం ప్రసిద్ధం. పద్యంలోని మాటలను రూపాలవారీగా విడదీస్తే ఆశ్చర్యకరమైన పొదుపు కనిపిస్తుంది. ఒకటి మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ చంద్రుడే: శశి, చంద్ర, తుహినాంశు. ఏడు మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ కొండే: నగ, భూధర, గిరి. ఐదు మూడుసార్లు, మూడుసార్లూ మన్మథుని బాణమే: రెండు చోట్ల శర, ఒక చోట సాయక. రెండు సున్నలు ఆకాశాలు: వియత్, గగన. నాలుగు అంకె నాలుగుసార్లు రాగా అందులో రెండు సముద్రాలు: అబ్ధి, పయోనిధి. అంటే చంద్రుడు, కొండ, బాణం, ఆకాశం, సముద్రం అనే ఐదు రూపాలు ఇరవైలో పదమూడు అంకెలను మోస్తున్నాయి. మిగిలిన ఏడింటిలో 'షట్క' సంఖ్యావాచకమే. వేదం, బ్రహ్మ ముఖాలు, అగ్ని, శరీరరంధ్రాలు, తర్కాలు, దిగ్గజం తక్కినవి.

ఇన్ని రూపాలు తేలికగా గుర్తున్నా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మూడు కొండల్లో ఏది ముందు, ఏది తరువాత? ఏ చంద్రుడి పక్కన ఏ బాణం? రోమను వక్తకు ఈ వరుసను ఇంటి గదులు కాపాడాయి. మల్లనకు ఆ పని చేసింది ఛందస్సు. మొదటి పాదం 'శ'తో మొదలవుతుంది, పదకొండో అక్షరమైన యతిస్థానంలో 'సాయక'లోని 'సా' పడుతుంది. అదే చోట 'బాణ' అని పలికితే గణమూ చెడుతుంది, యతీ తప్పుతుంది. రెండో పాదం 'భూధర'లోని 'ధ'తో మొదలవుతుంది, యతిస్థానంలో 'తర్క' వస్తుంది. ఆరుకు మరో మాటగా 'షట్క' పద్యంలోనే ఉంది. గణాలకు అది కూడా చక్కగా సరిపోతుంది. దానిని ఇక్కడ పెడితే 'ధ'కు 'ష' యతి కుదరక చెవికి వెంటనే తెలిసిపోతుంది. 'భూధర' అన్న ఒక్క కొండ రెండు పాదాలకూ వంతెనగా నిలిచింది. 'భూ' మొదటి పాదం చివర, 'ధర' రెండో పాదం మొదట. ప్రాసాక్షరమైన 'ర' దానిని అక్కడ మేకు కొట్టినట్లు బిగించింది. రూపం అంకెను పట్టి ఉంచితే, గణయతిప్రాసలు దాని స్థానాన్ని పట్టి ఉంచాయి.

ఈ రక్షణకు హద్దు కూడా ఇదే పద్యంలో దొరుకుతుంది. 'వియన్నగాగ్ని' అన్న చోట 'నగ'కు బదులు 'నాగ' అని లేఖకుడు రాశాడనుకొందాం. ఏడు ఎనిమిదవుతుంది, కాని లఘువు గురువై గణం విరుగుతుంది గనుక పొరపాటు దాగదు. అదే చోట 'యుగ' అని రాస్తే 'వియద్యుగాగ్ని' అవుతుంది. గురులఘువులు అవే, యతి ప్రాసల స్థానం కూడా అది కాదు. ఛందస్సు ఏ అభ్యంతరమూ చెప్పదు. పదికోట్ల స్థానంలో ఏడు నాలుగై, మొత్తం ముప్పై కోట్లు తగ్గిపోతుంది. ఆ పొరపాటును పట్టుకోవాలంటే అరవైనాలుగు గడుల లెక్కను మళ్లీ వేసి చూడడమే మార్గం.

శాసనంలో సముద్రం

గణితంలో లెక్కను తిరిగి వేయవచ్చు. శాసనంలో ఆ వీలు తక్కువ. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనం అతని పట్టాభిషేక సంవత్సరాన్ని వేద, అంబురాశి, నిధి అన్న మాటలతో చెబుతుంది. 4, 4, 9లను తిరగవేస్తే శక 944. సింహమాసం, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర వంటి వివరాలను జతచేసి చరిత్రకారులు దానిని 1022 ఆగస్టు 16గా నిర్ణయించారు. ఆ రోజు గురువారమే. ఆంధ్రమహాభారత రచనకు పూనిక కల్పించిన రాజు కాలాన్ని నిలబెట్టిన ఈ తేదీ మూడు రూపాలమీద ఆధారపడి ఉన్నదన్న సంగతిని సాహిత్య విద్యార్థులు తరచుగా గమనించరు.

ఇక్కడ సాహచర్యంలోని బలహీనత బయటపడుతుంది. తెలుగువారి కథల్లో, నుడికారంలో సముద్రాలు ఏడు. రాకుమారుడు దాటేది ఏడు సముద్రాలనే. జ్యోతిష, శాసన సంప్రదాయంలో మాత్రం సముద్రం సాధారణంగా నాలుగు. కొందరు గ్రంథకర్తలు ఏడుకు కూడా వాడారు. సంప్రదాయం తెలియనివాడు 'అంబురాశి'ని ఏడుగా తీసుకొంటే శక 974, అంటే 1052 వస్తుంది. రాజరాజు 41 ఏళ్ల పాలనాకాలాన్ని దానికి కలిపితే 1093 అవుతుంది. అతని కుమారుడు మొదటి కులోత్తుంగుడు 1070లోనే చోళ సింహాసనం ఎక్కినందువల్ల ఆ గణన నిలవదు. ఈ సందర్భంలో చరిత్ర అండగా నిలిచింది. ఇతర ఆధారాలు లేని చిన్న దానశాసనానికి అంతటి అండ దొరకదు.

'రస' కూడా ఇటువంటిదే. భూతసంఖ్యల్లో రసమంటే రుచి, కనుక ఆరు. సాహిత్యం చదువుకొన్నవారికి రసాలు తొమ్మిది. 'లోక' మూడా, ఏడా, పద్నాలుగా? 'దిక్కు' నాలుగా, ఎనిమిదా, పదా? మాట వినగానే మనసులో మెదిలే రూపం వినేవాని చదువునుబట్టి మారుతుంది. రోమను వక్తకు ఈ ఇబ్బంది లేదు. అతని బొమ్మను అతడే విప్పుకొంటాడు. భూతసంఖ్యను ఒకరు కట్టితే, వేరొకరు, ఒక్కొక్కప్పుడు వెయ్యేళ్ల తరువాతివారు, విప్పాలి. అందువల్ల దాని ఊహ వ్యక్తిగతమైతే చెల్లదు. రూపాల కోశం సమాజంలో అందరికీ ఉమ్మడిగా ఉండాలి.

అక్షరాల దారి

ఇదే సమస్యకు భారతీయులు అక్షరాలతో కూడా పరిష్కారం వెదికారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుని పద్ధతిలో యుగంలోని సూర్యభగణాల సంఖ్య 43,20,000ను 'ఖ్యుఘృ' అని చెబుతారు. పొదుపులో దీనికి సాటి లేదు. నోరు తిరగకపోవడం ఒక కష్టమైతే, ఆ ధ్వని వెనుక ఏ రూపమూ లేకపోవడం మరో కష్టం. తక్కినవారు దీనిని పెద్దగా అనుసరించకపోవడానికి ఈ రెండూ చాలు.

క్రీ.శ. 683 నాటి హరిదత్తుని రచనలో కనిపించే కటపయాది విధానం ఈ లోపాన్ని సరిదిద్దింది. హల్లుకే విలువ ఉంటుంది, అచ్చు ఏదైనా కావచ్చు. ఆ స్వేచ్ఛవల్ల సంఖ్యను అర్థవంతమైన మాటగా, చిన్న వాక్యంగా కూర్చవచ్చు. కేరళ జ్యోతిష్కులు దీనితో పట్టికలకు పట్టికలే కంఠస్థం చేశారు. ఐరోపాలో పియెర్ ఎరిగోన్ 1634లో అంకెలకు అక్షరాలను జతచేసే పద్ధతిని ప్రచురించాడు. రెండింటి మధ్య 951 ఏళ్ల ఎడం ఉంది. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే ఉపాయాన్ని పుట్టించిందనుకోవడమే ఉచితం.

తెలుగువారికి కటపయాది సంగీతం ద్వారా పరిచయం. తంజావూరు నాయక రాజుల ఆశ్రయంలో 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండీప్రకాశిక'లో 72 మేళాలను ప్రతిపాదించాడు. మేళం సంఖ్యను రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలలో ఇమిడ్చే ఏర్పాటు ఆ తరువాత స్థిరపడింది. శంకరాభరణానికి 'ధీర', కల్యాణికి 'మేచ' అన్న ఉపసర్గలు అందుకే అతికాయి. ధీర 29, మేచ 65. 'ధీర' లేకుంటే శంకరాభరణం 15 అవుతుంది, అది మాయామాళవగౌళ స్థానం. సంయుక్తాక్షరంలో చివరి హల్లునే లెక్కించాలన్న నియమం మాత్రం ఇక్కడ అన్ని చోట్లా నిలవలేదు. ఆ ప్రకారం చక్రవాకం 26 కావాలి, నిజానికి అది 16. 26 చారుకేశిది. చిత్రాంబరికీ ఇదే సడలింపు. పాత పేర్లను వదులుకోలేక నియమాన్నే వంచారని అనిపిస్తుంది. విద్యార్థి నియమాన్ని గుర్తుంచుకొని, దాని మినహాయింపులను మళ్లీ విడిగా గుర్తుంచుకోవాలి. క్వింటిలియన్ ఫిర్యాదు వేరే దారిలో ఇక్కడికీ వచ్చి చేరింది.

ఛందస్సు నేర్చే తెలుగు విద్యార్థులందరికీ తెలిసిన 'యమాతారాజభానసలగం' వీటన్నిటికీ భిన్నమైనది. అందులో రూపం లేదు, సంకేతమూ లేదు. గణం పేరు పలికి, దాని వెంట ఉన్న రెండు అక్షరాలను కలుపుకొంటే ఆ గణమే వినిపిస్తుంది. లక్ష్యమూ లక్షణమూ ఒకే ధ్వని కావడంవల్ల విప్పడానికి బయటి కోశంతో పనిలేదు. ఇన్ని తరాలుగా చెక్కుచెదరకుండా నిలవడానికి ఇది ముఖ్యకారణం కావచ్చు.

కోశం చెదిరిన తరువాత

వీధిబడుల చదువులో పిల్లలు షడృతువులను, సప్తర్షులను, అష్టదిగ్గజాలను, నవగ్రహాలను సంఖ్యల వారీగా వల్లించేవారు. ఆ పాఠం భూతసంఖ్యల కోసం చెప్పినది కాదు. దేవతార్చనకు, పురాణశ్రవణానికి, పంచాంగానికి కావలసిన సామాన్యజ్ఞానం అది. ఆ కోశం మనసులో ఉన్నవానికి 'కుంజర' అన్న మాటలో ఎనిమిది అనాయాసంగా వినిపిస్తుంది. వల్లెవేత, ఊహ అనే రెండు మార్గాలను విడదీసి చూపే చరిత్ర ఈ చోటనే తడబడుతుంది. వల్లెవేసిన కోశమే ఊహకు పెట్టుబడి అయింది.

నేటి పరిశోధక విద్యార్థికి ఆ పెట్టుబడి లేదు. అతడు భూతసంఖ్యలను పట్టికగా, పరీక్షాంశంగా నేర్చుకొంటున్నాడు. అంకెను సులువుగా గుర్తుంచుకోవడానికి పుట్టిన మాట, అంకె సాయంతో గుర్తుంచుకోవలసిన మాటగా మారింది. దీని ప్రభావం గ్రంథపరిష్కరణలో స్పష్టంగా కనబడుతుంది. 'శర'కు 'సాయక' వంటి పర్యాయపదాల పాఠాంతరాలు సంఖ్యను మార్చవు, ఛందస్సును మాత్రమే తాకుతాయి. 'నగ'కు 'యుగ' వంటివి ఛందస్సును తాకవు, సంఖ్యను మారుస్తాయి. ఈ రెండు రకాలను ఒకే అధస్సూచికలో కలిపి ఇస్తే ప్రమాదకరమైనవి నిరపాయమైన వాటి మధ్య కనబడకుండా పోతాయి. వాటిని వేరువేరుగా చూపడం అవసరం.

శాసనాల తేదీల విషయంలో మరో మెలిక ఉంది. సందేహం కలిగినప్పుడు సంవత్సరనామం సాయం చేస్తుందని పరిశోధకులు నమ్ముతారు. ప్రభవాది అరవై పేర్లు వరుసగా తిరుగుతాయి గనుక చాలా సందర్భాల్లో అది నిజమే. అయితే 'అబ్ధి' నాలుగా ఏడా అన్నప్పుడూ, 'రస' ఆరా తొమ్మిదా అన్నప్పుడూ తేడా మూడే. ఆ మాట ఒకట్ల స్థానంలో ఉంటే మూడేళ్లు, పదుల స్థానంలో ఉంటే ముప్పై ఏళ్లు తేడా వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సంవత్సరం పేరు మారుతుంది, నిర్ణయం సులువు. వందల స్థానంలో ఉంటే తేడా మూడువందల ఏళ్లు, అంటే సరిగ్గా ఐదు ఆవృత్తులు. శాసనం ఏ పేరు చెప్పినా అది రెండు సంవత్సరాలకూ సమానంగా సరిపోతుంది. అటువంటి చోట పరిశోధకునికి మిగిలేవి వారం, నక్షత్రం, లిపి, భాష, రాజవంశక్రమం.